పడుగుకు పూసిన గట్క

మర్రిగూడ దిక్కు బక్కమ్మను ఇప్పుడు వీరనారి అంటున్నారు. ఆమె చేసింది గట్క, అంటే జొన్న సంకటి, వండడం.

జొన్నగింజలో పిండిపదార్థం సన్నటి రేణువులుగా బిగుసుకొని ఉంటుంది. పచ్చిగా నమిలితే చాలామట్టుకు అరగదు. వేడినీళ్లలో ఆ రేణువులు ఉబ్బి, పగిలి, చిక్కబడాలి, అప్పుడే ఒంటబడుతుంది. అంటే మంట కావాలి. గుట్టమీద మంట పెడితే పొగ లేస్తుంది, పొగ లేస్తే మిలిటరీ వస్తుంది. అందుకే 1949లో, సాయుధ పోరాటం నాడు, గుట్టల్లో దాక్కున్న మొగుడు బీరన్నకూ అతని దళంలోని ఐదుగురికీ బక్కమ్మ ఇంట్లోనే వండి, గొర్ల వెంట పోతూ గంపలో పెట్టుకుపోయేది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, మామ ఐలేశం. ఒక పొద్దున మిలిటరీ వాళ్లు వచ్చి కుండ మూత తీశారు. ఎనిమిది మందికి సరిపడే గట్క.

వెంట వచ్చిన పటేలు మనిషి మారయ్య నవ్వాడు. "ఏందే బక్కమ్మా, గింత గట్క? ముసలోని కడుపు చెరువైందా?"

"తినేటందుకు గాదు. గొంగడికి."

మరీ అడ్డగోలు అబద్ధమేం కాదు. గొంగడి నేసేముందు నిలువు ఉన్ని పోగులు తెగకుండా ఆ పడుగుకు చింతగింజల అంబలి పూస్తారు. ఆ పొద్దున్నే ఐలేశం వాకిట్లో పడుగు పరిచి ఉన్నాడు.

"చింతగింజలేమైనయి?" అన్నాడు మారయ్య.

"గీ యేడు చెట్టు కాయలే."

"అయితే పుయ్యి. చూస్తం."

ఐలేశం కుండలో చెయ్యిపెట్టి కోడలి మీద గయ్యిమన్నాడు. "పలుచగ కాయమంటె గిట్ల ముద్ద చేసినవేందే? జర నీళ్లు తే!"

ఇద్దరూ నీళ్లు కలిపి, పిసికి, కుండెడు గట్కా కుంచెతో పడుగంతా పూశారు. ఎండకు అది బిగిసింది. కడుపు నింపేదీ, పోగుకు బిగువిచ్చేదీ ఒకటే పదార్థం. మిలిటరీ వాళ్లు మూడు రోజులు ఆ వాకిలి వదల్లేదు. పొయ్యి మీద ఇద్దరికి సరిపడే ఎసరే పడింది.

నాలుగో రోజు బీరన్న గుట్ట దిగి, పటేలు చేన్లో జొన్నకంకి నములుతూ దొరికాడు. అక్కడే కాల్చేశారు. నోట్లో గింజలు ఇంకా అట్లనే ఉన్నాయని మారయ్యే వచ్చి చెప్పాడు.

"సరే," అంది బక్కమ్మ.

ఐలేశం గొంగడి నేయడం పూర్తిచేశాడు. ఆమె దాన్ని తొట్టిలో నానేసి, తొక్కి, గట్కంతా వదిలించింది. తెల్లగా కలక నీళ్లు మిగిలాయి. పారబొయ్యలేదు. గొర్లకు పెట్టింది.

గొర్లు తాగినయి.