నవ్వు తీసేయమన్న సరళక్క

మొన్న చిల్కానగర్‌లో పిండి గిర్నీ ముందు నిలబడి ఉండగా బెల్టు మాడిన వాసన గుప్పుమంది. గిర్నీ అతను "ఏం గాలేదక్కా" అంటూ మోటారు ఆపేశాడు. నాకు మాత్రం వెంటనే సరళక్క గుర్తొచ్చింది.

విమానంలో ప్రయాణికులను చూసుకునే మా బృందానికి ఆమె పెద్ద. ఉండేది నాచారంలో. ఆమెను తీసుకొచ్చే కారే ఉప్పల్‌లో నన్నూ ఎక్కించుకునేది. ఎయిర్‌పోర్టు దాకా ప్రశ్నలే. "ఇంజన్ బందైతే ఏం జేస్తవ్?" అంటే శిక్షణలో నేర్చుకున్నదంతా గడగడా అప్పజెప్పేదాన్ని. "మస్తు. మరి జనానికేం జెప్తవ్?" అనేది. అబ్బ, పొద్దున్నే ఈ పరీక్షేమిటని లోలోపల తిట్టుకునేదాన్ని.

ఒకరోజు ఆ పరీక్ష నిజంగానే వచ్చింది. పైకి లేచిన కాసేపటికే ధన్‌మని చప్పుడు, కాలిన వాసన. సీట్లన్నీ వణికాయి. ఒక ఇంజన్ ఆపేశామని, హైదరాబాద్‌కే తిరిగి వెళ్తున్నామని కెప్టెన్ సరళక్కకు చెప్పాడు. ఆమె నాకు చెప్పి, వెనక సీట్ల వాళ్లను చూసుకోమంది. శిక్షణలో నేర్పిన నవ్వు ముఖానికి తగిలించుకుని వెళ్లాను. భయంతో అది అక్కడే బిగుసుకుపోయింది. ఒక పెద్దావిడ నా చెయ్యి లాగి, "పాణాలు పోతుంటే ఏంది బిడ్డా ఆ నవ్వు? మేం పిచ్చోళ్ల లెక్క కనిపిస్తున్నమా?" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు బెల్టులు విప్పి లేవసాగారు.

వెనకే వచ్చిన సరళక్క నా చెవిలో, "ఆ నవ్వు తీసెయ్. ఉన్నది జెప్పు" అంది.

"అవ్వా, ఒక ఇంజన్ బందైంది. ఇంకోటి మంచిగనే నడుస్తుంది. దాంతోనే దించుడు పైలట్లు నేర్చుకున్నరు. కూసోని బెల్టు పెట్టుకో, నేను ఈడ్నే ఉంట" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గట్ల జెప్పు మరి" అంటూ కూర్చుంది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు.

క్షేమంగా దిగాం. అందరూ వెళ్లిపోయాక నాకు ఏడుపు ఆగలేదు. "నాతోని గాదక్కా. రేపట్నించి రాను. నీ లెక్క భయం లేకుంట ఉండుడు నాకు రాదు" అన్నాను. ఆమె తన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. చల్లగా ఉంది, ఇంకా వణుకుతోంది. "వాళ్లకే అబద్ధం జెప్పలే, నీకెందుకు జెప్త?" అంది.

సరళక్క ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఆమె సీట్లో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. విమానం లేచేటప్పుడు ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. దానికి సిగ్గుపడను. పక్కన కొత్తగా చేరిన అమ్మాయి బిక్కమొహం వేస్తే, ఆమె చేతిని తీసుకుని నా చల్లటి చేతిలో పెట్టుకుంటాను.