ముందు చేసినవాళ్లకి మరో పది

మూడో తరగతి టీచరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలకి ఆ సంగతి తెలుసు, తోటి టీచర్లకి ఇంకా బాగా తెలుసు. అలాగని చెడ్డ మనిషి కాదు. ముగ్గురు పట్టే బెంచీ మీద ఐదుగురు ఇరుక్కుని కూర్చునే గది, కిటికీలో పగిలిన ఒక అద్దానికి అడ్డంగా అట్టముక్క, తలుపు సరిగా పడని ఒక చెక్క బీరువా. ఇంతమందిని ఒక్క గొంతుతో అదుపులో పెట్టాల్సినవాళ్లకి శాంతం ఎక్కడినుంచి వస్తుంది?

అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. తరగతిలో ఖాళీ చెయ్యి కనిపించకూడదు. లెక్కలు ముందు చేసినవాళ్లకి బోర్డు మీద మరో పది. అవీ అయిపోతే వెనకబడ్డవాళ్ల పక్కన కూర్చుని నేర్పాలి. స్వామికార్యమూ స్వకార్యమూ రెండూ తీరేవి. బడి మొత్తానికి గోల లేని తరగతి ఆవిడదేనని హెడ్మాస్టరు నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా. ఆయన నోట మెచ్చుకోలు రావడమంటే మాటలు కాదు. ఆ గర్వం ఆవిడకి చాలాకాలం నిలిచింది.

ఆ తరగతిలో కిటికీ పక్క బెంచీలో ఒక పిల్ల ఉండేది. నోరు తెరిస్తే ఎందుకు అనేది కాబట్టి అందరూ ఎందుకమ్మ అనేవారు. బడి తెరిచిన కొత్తలో లెక్కలన్నిటికీ అదే ముందు చెయ్యెత్తేది. రానురాను వెనకబడింది. పెన్సిలు చివర నములుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. "బయట ఏం వేలాడుతోందే? నీ లెక్కలు చెట్టెక్కి కూర్చున్నాయా?" అని టీచరు కసిరేది. పిల్ల తల వంచుకుని ఒక లెక్క చేసి, మళ్లీ బయటికి చూసేది.

ఆ పిల్ల ఏపాటిదో టీచరుకి తెలిసింది ఆటల పీరియడ్‌లో. ఆరు జట్లు. ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఒక్కొక్కసారే ఆడాలి, ఏ జట్టూ ఖాళీగా ఉండకూడదు. టీచరు చాక్‌పీసు పట్టుకుని నేల మీద గీతలు గీస్తోంది, చెరుపుతోంది. ఎలా వేసినా ఒక జత రెండోసారి పడుతోంది. పక్కన నిలబడి చూస్తున్న ఎందుకమ్మ ఉన్నట్టుండి, "టీచర్, ఒక జట్టుని కదలనివ్వకండి. మిగిలినవాళ్లని చుట్టూ ఒక్కో చోటు జరపండి. అప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లతో ఆడాలి," అంది.

జరిపి చూసింది. సరిపోయింది. ఆటల పీరియడ్ పూర్తయినా టీచరు అక్కడే నిలబడిపోయింది. అది ఎవరో చెప్పగా విన్న తెలివి కాదు. అప్పటికప్పుడు ఆ బుర్రలో పుట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లోని పెద్ద బడి నుంచి కబురొచ్చింది. చురుకైన పిల్లల కోసం శనివారాలు ప్రత్యేక తరగతి పెడుతున్నారట, ఒక్కో బడి నుంచి ఒక్కరినే తీసుకుంటారట. టీచరు ఎగిరి గంతేసి హెడ్మాస్టరు గదికి పరుగెత్తింది. ఆయన అప్పటికే నిర్ణయించేసుకుని కూర్చున్నాడు.

"మన ముత్యాలు ఉంది కదమ్మా. ఇంకెవరు?"

ముత్యాలు అంటే ముందు బెంచీ పిల్ల. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆ పేరు. ఎవరైనా చూడటానికి వస్తే గడగడా పద్యాలు చెప్పేది. మంచి పిల్లే, టీచరుకి దాని మీద కోపమేమీ లేదు.

"సార్, ముత్యాలు నేర్పినది నేర్చుకుంటుంది. మా ఎందుకమ్మ నేర్పనిది కనిపెడుతుంది. రెండూ ఒకటి కాదండి," అని జట్ల సంగతి చెప్పింది.

"ఆటల్లో గుండ్రంగా తిరగడం కూడా తెలివేనా? దాని మార్కులు చూశారా? సగం లెక్కలు వదిలేస్తుంది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందమ్మా."

"పరిమళం పట్టుకోడానికి ముక్కు కూడా ఉండాలి కదండీ," అనేసింది టీచరు.

ఆవిడ రోజూ వెళ్లి అదే మాట అడిగితే, చివరికి హెడ్మాస్టరు ప్రాణం విసిగి, "సరే, ఇద్దరినీ కూర్చోబెడదాం. పరీక్ష తేలుస్తుంది," అన్నాడు.

ఇంట్లో భర్త నవ్వాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆ పిల్లకే పట్టనట్టుందిగా."

"ఎనిమిదేళ్ల పిల్లకి ఏం పడుతుందండీ? పట్టించుకోవాల్సింది మనం కాదూ?" అని ఆవిడ కంచం నెట్టేసి లేచిపోయింది. ఎవరికి చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే ఉందని ఏడుపొచ్చింది.

ఎందుకమ్మ తల్లి ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. టీచరు వెళ్లి చెబితే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తెల్లబోయి చూసింది. "మా పిల్లా? ఇంట్లో అయితే దీని నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు టీచరు గారూ. గుండీలన్నీ పోగేసి ఏవేవో లెక్కలు కట్టుకుంటుంది. బడిలో మాత్రం నిదానమని మీరే రాసి పంపించారు కదండీ?"

అవును, రాసింది. ఆ మాట అప్పుడు టీచరుకి తగలాల్సినంత తగల్లేదు. పరీక్ష రోజు తప్పకుండా పంపమని చెప్పి వచ్చేసింది.

పరీక్ష పెట్టడానికి పెద్ద బడి నుంచి ఒక మాస్టారు వచ్చాడు. మెత్తటి మనిషి. భుజాన లావుపాటి సంచీ, నిండా ప్రశ్నపత్రాలు. హెడ్మాస్టరు గదిలో ఇద్దరు పిల్లల్నీ చెరో పక్క కూర్చోబెట్టాడు. టీచరు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తలుపు సందులోంచి చూస్తే, ఎందుకమ్మ మొదట చకచకా రాసింది. తర్వాత పెన్సిలు నోట్లో పెట్టుకుంది. తర్వాత సున్నాల్లో నలుపు నింపుతూ కూర్చుంది. టీచరుకి లోపలికి దూకి ఆ పెన్సిలు లాక్కోవాలనిపించింది.

గంట కొట్టాక మాస్టారు కాగితాలు చూసి, "ఈ పాప రాసినవన్నీ సరైనవే. ఒకటి నేను అనుకున్న దానికంటే మంచి దారిలో చేసింది. కాని సగమేనండి," అన్నాడు. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. నేను చెప్పలేదా అన్న మాట అనకుండానే వినిపించింది.

టీచరు పిల్లని వరండా చివరికి లాక్కెళ్లింది.

"మిగతావి రాలేదా?"

"వచ్చు టీచర్."

"వస్తే రాయడానికి ఏం రోగమే నీకు?"

పిల్ల బెదిరిపోయింది. గదివైపు చూసి గొంతు తగ్గించింది. "అయిపోయిందంటే ఆయన ఇంకో కాగితం ఇచ్చేస్తారు కదా టీచర్. ఆ సంచీలో ఇంకా చాలా ఉన్నాయి. నేను చూశా."

ముందు చేసినవాళ్లకి మరో పది. అవీ చేస్తే పక్కవాళ్ల పని. పిల్ల ఎప్పుడో లెక్క కట్టేసుకుంది. ఈ తరగతిలో తొందరగా చేయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆవిడ పని. హెడ్మాస్టరుకి ముక్కు లేదని ఎగిరింది. ఆ పువ్వు మీద రోజూ మట్టి పోసిన చెయ్యి తనదే.

పరుగున వెళ్లి మాస్టారుకి ఉన్నదున్నట్టు చెప్పింది. మళ్లీ పరీక్ష పెట్టమని బతిమాలింది. ఆయన అంతా విని తల దించుకున్నాడు. "మీరు చెప్పింది నమ్ముతున్నానమ్మా. కాని కాగితం మీద ఉన్నదే తీసుకెళ్లాలి నేను. వచ్చే ఏడు చూద్దాం." శనివారాల తరగతికి ముత్యాలే ఎంపికైంది.

మర్నాడు టీచరు బోర్డు మీద లెక్కలు రాసి, గట్టిగా చెప్పింది. "ఇవాళ్టినుంచి మరో పది లేదు. చేసేసినవాళ్లు బీరువాలోంచి నచ్చిన పుస్తకం తీసుకోవచ్చు. ఊరికే కూర్చున్నా సరే." ముత్యాలు అందరికంటే ముందు చేసేసి, బొమ్మల పుస్తకం తీసుకుంది. తర్వాత ఒకళ్లూ ఒకళ్లూ లేచారు. తరగతిలో ఎన్నడూ లేనంత గోల. పక్కగది టీచరు తొంగిచూసి వెళ్లింది.

ఎందుకమ్మ కదల్లేదు. టీచరు వెళ్లి పక్కన కూర్చుంది.

"నిజంగానే ఇంక ఇవ్వనే. ఒట్టు."

పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది, బోర్డు మీద ఖాళీగా ఉన్న సగం వైపు చూసింది. "సరే టీచర్," అంది మర్యాదగా. పెన్సిలు నోట్లో పెట్టుకుని కిటికీవైపు తిరిగింది.

టీచరు లేవలేదు, కసరలేదు. బడి గంట మోగేదాకా అక్కడే కూర్చుంది. గంట మోగడం మొదలయ్యాకే ఎందుకమ్మ చివరి లెక్కకి జవాబు వేసింది.