కారవాన్ కింద పదమూడో చెక్క

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ణి. మస్కట్‌లో లేబర్ క్యాంపులో ఉన్నప్పుడు మా రూమ్‌లో ఒకాయన నిద్రలోనే పోయాడు. ఆ మంచం మీద పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఏసీ గాలి నేరుగా తగిలే మంచం అది. నేను మర్నాడే దాని మీదికి మారి, రెండేళ్లు హాయిగా నిద్రపోయాను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను.

ఎవరినీ భయపెట్టడానికి మాత్రం కాదు. నేను ఇద్దరి మీద నింద వేశాను. ఒకరు నా భార్య సుజాత. ఇంకొకరు మస్తాన్ అనే డ్రైవర్. ఆ నింద జగిత్యాల దగ్గర మా ఊళ్లోనూ, ఇక్కడ ఒమన్‌లో మనవాళ్ల మధ్యా ఇంకా తిరుగుతోంది. పుట్టించింది నేను. కాబట్టి తీసేయాల్సింది కూడా నేనే.

నా పని తోటల్లో నీటి మోటార్లు, డ్రిప్ పైపులు బిగించడం. మా అర్బాబ్, అంటే యజమాని, ఆయనకు బర్కా, రుస్తాఖ్, బహ్లాల్లో ఖర్జూరం తోటలున్నాయి. ఒక్కో చోట నెలో రెండు నెలలో పని ఉంటుంది. పద్నాలుగేళ్లు ఒక్కడినే తిరిగాను. పెళ్లయిన చాలా కాలానికి పుట్టిన మా చిట్టికి అయిదేళ్లు వచ్చినా, అది నన్ను ఫోన్‌లోనే ఎక్కువ చూసింది. పోయిన శీతాకాలానికి ముందు ఫ్యామిలీ వీసా దొరికింది. నెలకో ఊరు మారేవాడికి ఇల్లు అద్దెకిచ్చేదెవరు? అర్బాబే ఉపాయం చెప్పాడు. ఆయన పిల్లలు చిన్నప్పుడు ఎడారిలో సెలవులు గడపడానికి వాడిన పాత కారవాన్ ఒకటి షెడ్డులో ఉంది. తోటకు తోటకూ దాన్నే లాక్కుపొమ్మన్నాడు.

చక్రాల మీద ఇల్లంటే చిట్టి ఎగిరి గంతేసింది. సుజాత మాత్రం లోపలికి తొంగిచూసి, "ఇండ్ల చెయ్యి చాపితే అవుతల గోడ తాకుతది" అంది. రెండు మంచాలు, రెండు బర్నర్ల పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు. అంతే.

మొదటి రోజుల్లో మాకు ఏమీ రాదు. షెడ్డు నుంచి బర్కా తోటకు వెళ్లేటప్పుడు అలమర గడియ పెట్టడం మరిచిపోయాం. దిగి తలుపు తీస్తే కారం, పసుపు, పప్పు అన్నీ కలిసి మంచాల నిండా ఉన్నాయి. సుజాత తుమ్ముకుంటూ ఊడుస్తుంటే కారవాన్‌ను లాక్కొచ్చిన మస్తాన్ బయట నిలబడి, "అక్కా, ఈ పొద్దు సాంబార్ నువ్వు చేసేది లేదులే, బండే చేసింది" అన్నాడు. ఆమె ఆ దుమ్ములోనే నవ్వింది.

మస్తాన్‌ది కడప దగ్గర. ముప్పై దాటిన మనిషి. వారానికి రెండుసార్లు పికప్‌లో గ్యాస్, కూరగాయలు, మంచినీళ్లు తెచ్చేవాడు.

కారవాన్‌ను ఆపాక నాలుగు మూలలా జాకీ కాళ్లు దించి, కింద చెక్కలు పేర్చి, మట్టం చూసుకోవాలి. కొంచెం ఒరిగినా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. సింకులో నీళ్లు పోవు. పెనం మీద దోసె ఒకవైపుకు జారి, అటు మందంగా ఇటు కాగితంలా వస్తుంది. తోటల్లో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి ఏదో ఒక కాలు దిగబడుతుంది. రాడ్ తిప్పి మళ్లీ ఎత్తాలి. మొదటిరోజు మస్తానే చూపించాడు. చెక్కలు ఒకదాని మీద ఒకటి నిలువునా పెడితే జారతాయి, ఒకటి నిలువు ఒకటి అడ్డం పెట్టాలన్నాడు. నేను విననట్టు నాకు వచ్చినట్టే పేర్చాను. అన్నీ ఒకే దిక్కుకు.

రెండో వారంలో వెనక కుడివైపు కాలు దిగింది. రేపు చేస్తాలే అని రెండు రోజులు వాయిదా వేశాను. మూడోనాడు మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి సుజాత ముఖం వెలిగిపోతోంది. "ఇయ్యాల దోసె గుండ్రంగ వచ్చింది. ఎప్పుడు లేసి చేసినవ్?" అంది.

నేను చేయలేదు. మస్తానో, తోటలో పనిచేసే బంగ్లాదేశ్ వాళ్లిద్దరిలో ఒకరో చేసుంటారనుకున్నాను. ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు. "పొద్దున్నే" అన్నాను.

ఆ సాయంత్రం ఆమె వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడటం విన్నాను. "ఈయన మస్తు మారిండే అమ్మా. ఇంట్ల ఉన్నప్పుడు బల్బు సుత మార్చకపోతుండె. గీడ నేను లేవకముందే ఇల్లు సక్కగ చేసి పోతుండు." పద్నాలుగేళ్లలో ఆమె నన్ను అలా మెచ్చుకోవడం అదే మొదటిసారి. చాలా బాగా అనిపించింది.

తర్వాత మళ్లీ జరిగింది. మళ్లీ. నెలలో అయిదుసార్లు. ప్రతిసారీ ఆమె మెచ్చుకుంది, నేను ఊఁ అన్నాను. బంగ్లాదేశ్ వాళ్లను అడిగితే కారవాన్ వైపే రాలేదన్నారు. ఒకరోజు వంగి కిందికి చూశాను. దిగిన కాలు కింద చెక్కలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం ఉన్నాయి.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

సుజాతను అడగాలంటే ముందు నేను ఆడిన అబద్ధం ఒప్పుకోవాలి. అది చేతకాలేదు. అడగకుండా కాపలా కాయడం మొదలుపెట్టాను. డ్యూటీ మధ్యలో వేళకాని వేళ వచ్చేవాణ్ణి. సింకు దగ్గర రెండు టీ గ్లాసులుంటే రెండోది ఎవరిదా అని చూసేవాణ్ణి. మస్తాన్ వచ్చినప్పుడు ఆమె ఎన్నిసార్లు నవ్విందో మనసులో గుర్తుపెట్టుకునేవాణ్ణి. చిట్టి వాణ్ణి మస్తాన్ మామ అనేది. వాడు సుజాతను అక్కా అని పిలిచేవాడు. ఆ పిలుపు కూడా నాకు నాటకంలా వినిపించింది.

ఇప్పుడు ఆలోచిస్తే, నాకు కుళ్లు పుట్టింది మస్తాన్ మీద ఒక్కడి మీదే కాదు. ఆ కాలు ఎత్తుతున్నది ఎవరైనా సరే, సుజాత మెప్పు అసలు వాడిది. నేను దొంగిలించి తింటున్నాను. దొంగిలించినవాడికే సొంతదారు మీద ఎక్కువ మంట ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

బర్కా పని అయిపోయి రుస్తాఖ్ తోటకు మారాం. నాలుగో రోజు మధ్యాహ్నానికి మళ్లీ కారవాన్ మట్టంగా ఉంది. సాయంత్రం మస్తాన్ వస్తే నేరుగా అడిగాను, మధ్యాహ్నం ఇటు వచ్చావా అని.

"నేనా? మోటారు ఏసుకోని అంత దూరం సోహార్ ఊరికి పోయింటి గదన్నా. ఆడ్నుంచి నీకు ఫోను గూడా చేసినా."

"మరి చెక్కలు ఎవరు పెట్టిండ్రు?"

వాడు నవ్వాడు. "అయితే అక్కే ఎత్తింటాది లే. నీకంటే ఆమెకే చేతుల్లో బలం ఎక్కువ."

ఫోన్ చేసిన మాట నిజమే. నా ఫోన్‌లో ఉంది కూడా. కానీ సోహార్ నుంచే చేశాడని ఎలా నమ్మాలి అనుకున్నాను. మోటారు దించుకున్నవాళ్లను అడిగితే తేలిపోయేది. అడగలేదు. తేలిపోవడం నాకు ఇష్టం లేదేమో.

మర్నాడు సుజాత బట్టలు ఆరేస్తుంటే వెళ్లి, ఎవడు వస్తున్నాడని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. కాలు ఎత్తుతున్నది నేను కాదని చెప్పాను.

"నువ్వు కాదా? మరి ఇన్ని దినాలు అవునన్నవ్?"

 నేను గొంతు పెంచాను. ఆమె ఏమీ మాట్లాడకుండా నిలబడిందనే నాకు గుర్తు. కానీ నాకు తెలియదు, ఎవరినీ చూడలేదు అని మూడుసార్లు చెప్పానని ఆమె అంటుంది. ఆమె మాటే నిజమై ఉంటుంది. నేను వినే స్థితిలో లేను.

ఆ తర్వాత చేసినవి వరుసగా చెబుతాను. మా బావమరిదికి ఫోన్ చేసి మీ అక్కను తీసుకుపొమ్మన్నాను. మా అన్నకు చేసి మస్తాన్ పేరు కూడా చెప్పాను. ఆయన టీ హోటల్ దగ్గర నలుగురిలో ఉండి స్పీకర్‌లో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. అర్బాబ్ దగ్గరికి వెళ్లి, మస్తాన్ వల్ల మా ఆడవాళ్లకు ఇబ్బందిగా ఉందన్నాను. ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. మస్తాన్ వీసా రద్దయింది. వాడికి కారణం కూడా ఎవరూ చెప్పలేదు.

ఎయిర్‌పోర్టులో సుజాత నాతో అన్నది ఒకటే. గ్యాస్ అయిపోవచ్చింది, చూసుకొమ్మంది. చిట్టి తల తిప్పి తిప్పి చూస్తూ లోపలికి వెళ్లింది.

నేనొక్కడినే కారవాన్‌తో బహ్లా వచ్చాను. కొత్త డ్రైవర్ బండి విప్పేసి టీకైనా ఆగకుండా వెళ్లిపోయాడు. కాళ్లు నేనే దించాను. నా దగ్గర పన్నెండు చెక్కలున్నాయి. కాలుకు మూడేసి, అన్నీ ఒకే దిక్కుకు పెట్టాను. జాకీ రాడ్‌ను నా పనిముట్ల టూల్‌బాక్స్‌లో పెట్టి తాళం వేశాను. ఆ తాళంచెవి నా మోటారు గదుల తాళంచెవులతో కలిసి ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది.

పది రోజులకు వెనక కాలు దిగింది. నేను పట్టించుకోలేదు. చూసేవాళ్లు లేరు, దోసెలు పోసేవాళ్లు లేరు. అలాగే ఏటవాలుగా పడుకున్నాను.

ఆ శుక్రవారం సెలవు. మధ్యాహ్నం ఒంటిగంట అయి ఉంటుంది. తోట గేటుకు లోపలి నుంచి నేనే గడియ పెట్టాను. పనివాళ్లు నమాజుకు ఊళ్లోకి వెళ్లారు. చిన్న బల్ల మీద ప్లేటు పెట్టుకుని మజ్జిగన్నం తింటున్నాను. మజ్జిగంతా ప్లేటులో కుడివైపుకు చేరి ఉంది.

ముందు చిన్న కుదుపు తగిలింది. తర్వాత చప్పుడు. జాకీ రాడ్ తిరిగే చప్పుడు నాకు బాగా తెలుసు. ఒక చుట్టు తిరిగి, చెయ్యి మార్చుకోవడానికి ఒక క్షణం ఆగి, మళ్లీ ఒక చుట్టు. నేను ముద్ద చేతిలో పట్టుకుని ప్లేటు వైపే చూస్తున్నాను. మజ్జిగ కుడి అంచు వదిలి మెల్లగా మధ్యకు వచ్చింది. మధ్యకు వచ్చి ఆగింది. చప్పుడు కూడా ఆగింది.

పరుగెత్తి వెనక్కి వెళ్లాను. కారవాన్ నుంచి గోడ వరకు ఖాళీ నేల. ఎవరూ లేరు. టూల్‌బాక్స్ తాళం వేసే ఉంది. తీసి చూస్తే రాడ్ లోపలే ఉంది. కాలు కింద నాలుగు చెక్కలున్నాయి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. నాలుగు కాళ్ల కింద ఉన్నవన్నీ లెక్కపెట్టాను. పదమూడు.

ఎండలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాకు భయం వేయలేదు. సుజాత జగిత్యాలలో ఉంది, మస్తాన్ కడపలో ఉన్నాడు అనే ఒక్క ఆలోచనే తిరిగింది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. తడిసిన బంకమట్టి ఉబ్బి కాలును పైకి నెడుతుందని ఒక ఇంజనీర్ చెప్పాడు. ఉబ్బిన మట్టి చెక్కలు పేర్చదు. అర్బాబ్‌ను కారవాన్ చరిత్ర అడిగాను. షోరూమ్‌లో కొత్తదే కొన్నాడట. అందులో ఎవరూ పోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన పిల్లలు దాన్లో ఆడుకుని పెరిగారు, అంతే. "హోటల్ తిండి మానెయ్" అన్నాడు హిందీలో.

మస్తాన్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి క్షమించమన్నాను. వాడు అంతా విన్నాడు. "నేను చేయలేదని నాకు ముందే తెల్సు గదన్నా. నువ్వు చెప్పాల్సింది నాకు గాదు" అని పెట్టేశాడు. అర్బాబ్‌కు నిజం చెప్పాను. మస్తాన్‌ను మళ్లీ పిలిపిస్తానని ఆయన అన్నాడు. వాడు వస్తాననలేదు.

సుజాతకు చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మొదటిరోజు ఆడిన అబద్ధం నుంచి మొదలుపెట్టి మజ్జిగ దాకా చెప్పాను. 

"కంటికి కనబడనోడు వచ్చి సాక్ష్యం చెప్తె నమ్మినవ్" అంది. "కంటి ముంగట నిలబడి నేను చెప్తె నమ్మలే."

నేను ఏదో అనబోయాను.

"నాకు చెప్పకు. నలుగురిల అన్నవ్ గద. ఆ నలుగురికే చెప్పు. నీ పేరు పెట్టి చెప్పు."

అందుకే ఇది. మా అన్నకు, మా బావమరిదికి, ఆ రోజు టీ హోటల్ దగ్గరున్నవాళ్లకు, నా నోటి నుంచి ఆ మాట విన్న ప్రతివాళ్లకు నా పేరుతోనే పంపుతున్నాను. నిన్న సుజాతకు కొత్త వీసా కాగితాలు కూడా వాట్సాప్‌లో పెట్టాను. టిక్కులు రెండూ నీలంగా మారాయి. జవాబు రాలేదు. రాకపోతే అడిగే హక్కు నాకు లేదు.

బహ్లాలో ఆ మధ్యాహ్నం కారవాన్ కాలు ఎత్తింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. బర్కాలో, రుస్తాఖ్‌లో ఎత్తింది ఎవరో కూడా తెలియదు. మస్తాన్ కాదు. సుజాత రమ్మన్న మనిషి ఎవరూ కాదు. నేను కాదు. నేను ప్రమాణం చేసి చెప్పగలిగింది ఇంతవరకే.