స్టూలు దిగని మెకానిక్కు

మా మేనమామ పేరుకి మెకానిక్కే కానీ, ఆయన రెంచి పట్టుకోగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. షెడ్డు మధ్యలో స్టూలు వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాడు. బండి ఎవరు తెస్తే వాళ్ళతోనే బాగుచేయిస్తాడు. పైగా మజూరీ కూడా పుచ్చుకుంటాడు! అందరూ ఆయన్ని స్టూలు మావయ్య అంటారు.

ఓసారి ప్లీడరుగారు తెల్లచొక్కా వేసుకుని కారు తెచ్చారు.

"హారన్ మోగట్లేదయ్యా."

"కారెవరిది?"

"నాదే."

"అయితే బానెట్ ఎత్తండి."

సాయంత్రానికి చొక్కా కూడా ఆయన నల్లకోటు రంగులోకి వచ్చేసింది. కానీ ఆయన హారన్ మోగించుకుంటూ వీధి వీధీ తిరిగారు. పడుకున్న పిల్లలందరూ లేచి కూర్చున్నారు.

ఇక నా గొడవ. కొండమీది ఆస్పత్రిలో మా అక్క నర్సు. టీకాల పెట్టెలు మంచుగడ్డల్లో పెట్టి నా పికప్‌లో పైకి చేర్చడం నా పని. ఆ వారమంతా ఒకటే వాన. ఘాటు రోడ్డు బురదైపోయింది. నాలుగు చక్రాలూ లాగితే తప్ప బండి ఎక్కదు. సరిగ్గా అప్పుడే ఫోర్ వీల్ మొరాయించింది. మీట తిప్పితే స్టీరింగు ముందు దాని దీపం మిణుకుమిణుకుమంటుంది తప్ప నిలవదు. మర్నాడు నేను చేరకపోతే, బిడ్డల్ని చంకనేసుకుని నడిచొచ్చిన తల్లులు అలాగే తిరిగి వెళ్ళాలి.

తిరిగి తిరిగి ఒళ్ళు పులిసిపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"మావయ్యా, ఈ ఒక్కసారికీ నువ్వే చూడు. నా వల్ల కాదు."

"బండెవరిది?"

"నాదే. నా ఖర్మ."

"మరి పడుకో, కిందకి."

పడుకున్నాను. ఫ్యూజు చూడమన్నాడు, బాగానే ఉంది. వైర్లు కదపమన్నాడు, కదిపాను. ముందు ఇరుసు దాకా సన్నటి రబ్బరు గొట్టం ఒకటి వెళుతుంది. ఇంజను అందులోంచి గాలి లాగితేనే ముందు చక్రాలు పనిలోకి దిగుతాయి.

"ఆ గొట్టం ఇంజను వైపు ఊడదీసి, నోట్లో పెట్టుకుని పీల్చు."

"ఛీ! అంతా బురద!"

"తుడుచుకుని పీల్చు. గాలి వస్తోందా, బిగుసుకుందా?"

"వస్తోంది."

"అయితే ఎక్కడో పగిలింది. వెతుకు."

నేను తడుముకుంటుంటే ఆయన స్టూలు మీద అటూ ఇటూ కదిలిపోతాడు, మూలుగుతాడు, పళ్ళు కొరుకుతాడు. చేతులు మాత్రం బయటికి తియ్యడు. చివరికి పగులు దొరికింది. ఆ ముక్క బ్లేడుతో కోసేసి మళ్ళీ తొడిగాను. దీపం నిలిచింది.

"కొత్త గొట్టం వచ్చేదాకా దీంతోనే సర్దుకో. ఆ బ్లేడు జేబులో ఉంచుకో" అన్నాడు.

"ఓ చెయ్యి వేస్తే అరిగిపోతావా?" అని కసిరి వచ్చేశాను.

మర్నాడు సగం ఘాటు ఎక్కానో లేదో, మలుపులో దీపం మళ్ళీ మిణుకుమంది. చక్రాలు బురదలో గిర్రున తిరుగుతున్నాయి. వెనక పెట్టెల్లో మంచు కరుగుతోంది. పిలిస్తే పలికే నాథుడు లేడు, ఫోను పనిచెయ్యదు. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. కానీ ఎవరో చెవిలో "బండెవరిది?" అన్నట్టయింది. తిట్టుకుంటూ కిందకి దూరాను. తుడిచాను, పీల్చాను, వెతికాను. ఇంకోచోట చీలింది. బ్లేడు తీసి కోసి తొడిగాను. దీపం నిలిచింది. ఆనందంతో నా భుజం నేనే తట్టుకున్నాను.

అక్క గుమ్మంలోనే పెట్టెలు అందుకుంది. కాసేపటికి లోపల పిల్లల ఏడుపులు మొదలయ్యాయి. నా ప్రాణం లేచొచ్చింది.

"మావయ్య పొద్దుట్నుంచీ ఫోన్లే ఫోన్లు. వాడు చేరాడా, చేరాడా అని చంపేశాడు. టీ కూడా తాగలేదట" అంది అక్క.

"అంత ప్రేమ ఉంటే తనే బాగుచెయ్యొచ్చుగా!"

"నేనూ అదే అడిగాను. 'షెడ్డులో అయితే నేనుంటాను, ఘాటులో ఆగితే వాడి పక్కన ఎవరుంటారు?' అన్నాడు. మీరు తంటాలు పడుతుంటే తన చేతులు ఊరుకోవట. అందుకే వాటి మీద కూర్చుంటాడట."



తిరిగి నేరుగా షెడ్డుకే వెళ్ళాను. నన్ను ఎగాదిగా చూసి "ఎక్కడ చీలింది?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. ఆయన భుజాలు కిందికి దిగాయి.

"సర్లే, నా స్కూటరు స్టార్టవట్లేదు. ఓసారి చూడరా."

నేను ఇంకో స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా వేసుకున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాను.

"స్కూటరెవరిది మావయ్యా?"

ఆయన చెయ్యి బయటికి రావడం చూడటం నాకదే మొదటిసారి. మొట్టికాయ గట్టిగానే పడింది.