ఏ దారిన వచ్చే ఊరికి ఆ చోటు

బస్తర్‌లో ఒక ఇనుప గని సివిల్ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన రెండో ఏడు, వానలు వెనకపట్టిన నెలలో నాకు డిప్యుటేషన్ ఉత్తర్వు వచ్చింది. కొండ కింది పట్టణంలో పాత బజారును బాగుచేయడానికి గని యాజమాన్యం, నగర పంచాయతీ, వ్యాపారుల సంఘం కలిసి కమిటీ వేశాయి. సిమెంటు, మేస్త్రీలు గనివి. స్థలం, కాలువలు పంచాయతీవి. ఊడ్చే పని, కాపలా వ్యాపారులవి. లేఅవుట్, అంటే ఏది ఎక్కడ ఉండాలో కొలతలతో చూపే పటం, గీసే పని నాది.

గని టౌన్‌షిప్‌లో దుకాణాలు వెలిశాక ఆ బజారు పలచబడిపోయింది. ఆదివారం సంత ఒక్కటే దానికి ఊపిరి. సంఘం కార్యదర్శి వీర్రాజు గారు భద్రాచలం వైపు నుంచి వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్న మనిషి. సంత పుంజుకోకపోతే వేసవికల్లా కొట్టు ఎత్తేస్తానని మొదటి సమావేశంలోనే చెప్పేశారు.

నేను చదువుకున్నట్టే గీశాను. చింతపండుకు ఒక వరస, మిరపకు ఒకటి, కోళ్లకు ఒకటి. నడుమెత్తు సిమెంటు చబూతరాలు, అంటే అరుగులు, పైన రేకులు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఒక్క గీత మార్చకుండా సంతకం చేశారు. ఆ సంతకం చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కట్టడం పూర్తయ్యాక మొదటి ఆదివారం సంత బాగానే కూడింది. మూడోవారానికి సగమైంది. నాలుగోవారం అమ్మేవాళ్లంతా పెద్ద రోడ్డు పక్కన దుమ్ములో కూర్చున్నారు; నా చబూతరాల మీద మేకలు పడుకున్నాయి. వీర్రాజు గారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. చాయ్ తాగించి, రోడ్డు పక్కకు వెంటబెట్టుకెళ్లి, చింతపండు అమ్మే లచ్చమ్మ ముందు నిలబెట్టారు. ఆమె దోర్ల తెగ మనిషి. బజారుకు ఎందుకు రావడం లేదని అడిగాను.

“ఏంది సారూ, మా ఊరోళ్లను ముక్కలు చేసి కూసోబెడితివి. నా బిడ్డను నది అవతల ఇచ్చిన. సంతలనే కలుస్తం. మా ఊరి జాగల నేను లేకుంటే యాడ దేవులాడుతది? రెండు వారాలు తిరిగి తిరిగి ఉత్తగనే పోయింది. దానికి నెలలు నిండుతున్నయి.”

అక్కడ ఏ దారిన వచ్చే ఊరు ఆ దారి మొగదలే కూర్చుంటుంది. చుట్టాల పలకరింపులు, పెళ్లి మాటలు, చావు కబుర్లు అన్నీ ఆ చోట్లలోనే. నేను సరుకును చూశాను గానీ మనుషులను చూడలేదు.

నా తప్పును నేనే రాసి ఫైలు పెట్టాను. మా ఈఈ గారు చదివి, సవరణ పటం ఎప్పటికిస్తావని మాత్రం అడిగారు. పంచాయతీ ఒప్పుకుంది. వ్యాపారులే గునపాలు పట్టి చబూతరాలు పగలగొట్టారు. లచ్చమ్మ ముందు నడుస్తూ ఏ ఊరిది ఎక్కడో చూపిస్తే, నేను వెనకాలే సున్నం గీతలు వేశాను. ఎండకు రేకులు మాత్రం ఉండనీయమంది. వాళ్లలో ఎవరు కాదన్నా నా ఉద్యోగం మచ్చతోనే మొదలయ్యేది. వాళ్లందరికీ నేను కృతజ్ఞుణ్ణి.

తర్వాతి ఆదివారం లచ్చమ్మ కూతురు ఎవరినీ అడక్కుండా నేరుగా తల్లి దగ్గరికి వచ్చి పక్కన కూలబడింది. పొద్దు వాలకముందే ఇద్దరూ వీర్రాజు గారి కొట్లో మెత్తని గుడ్డ కొనుక్కుని, పురుటికి లచ్చమ్మ ఊరి దారి పట్టారు.

ఆ తర్వాత సర్వీసులో ఎన్నో బజార్లకు, బస్టాండ్లకు పటాలు గీశాను. టేపు బయటికి తీసేముందు ఒక రోజంతా అక్కడ నేల మీద కూర్చుని, ఎవరు ఎవరి కోసం వెతుక్కుంటున్నారో చూసేవాణ్ణి.