లాతైకి దక్కిన తిట్టు

లాతై అసూయ సంగతి మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పెళ్లయి పక్క దీవి నుంచి వచ్చిన కొత్తలోనే అందరికీ తెలిసిపోయింది. చేపల పడవ ఒడ్డుకొచ్చిందంటే మొగుణ్ని ఒంటరిగా పంపేది కాదు. అక్కడ చేపలమ్మే ఆవిడకి నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది మరి. ఆయన కుక్కని కాస్త ఎక్కువసేపు నిమిరినా ఆ పూట కుక్కకి తిండి ఉండేది కాదు.

నేను ఆవిడ పక్కింటిదాన్ని, ఆకోసితని. మా రెండిళ్ల మధ్య కంచె పడిపోయి చాలాకాలమైంది. మా పందులు వాళ్లింట్లో, వాళ్ల పందులు మా ఇంట్లో తిరుగుతుంటాయి. అంచేత లాతై గురించి నాకు తెలియనిది చాలా తక్కువ. తెలిసింది కడుపులో దాచుకునే అలవాటు నాకు బొత్తిగా లేదు.

ఆవిడ మొగుడు పెనిసిమని మా చర్చిలో పాట నేర్పే మనిషి. మాకు సరిగమలంటే అంకెలే, మూడు నుంచి తొమ్మిది దాకా. ఆయన నల్లబల్ల మీద అంకెలు రాసి, ఒక్కోదాని మీదా కర్రతో కొడుతుంటే మేము ముందు అంకెలు పాడాలి, ఆ తర్వాతే మాటలు. ఎవరి గొంతైనా ఒక్క అంకె జారిందో, అయిపోయామే! పాస్టరుగారు కళ్లు మూసుకుని తన్మయంగా వింటున్నా సరే, పాట ఆపేసి, "కాదు! ఏడు!" అని అరిచేవాడు. తప్పు పాడినవాళ్లని చూపుతో ఏరి మరీ పేరు పెట్టి తిట్టేవాడు. నా పేరు ఆ చర్చి పైకప్పు రేకులకి కూడా కంఠతా వచ్చే ఉంటుంది.

ఆయన చేత తిట్లు తినని మనిషి ఒక్కతే, మెలెనైతె. మొగుడు పోయిన మనిషి, ఆడవాళ్ల వరసకి పెద్ద గొంతు. ఆవిడ పాట తప్పడం నేను బుద్ధెరిగాక వినలేదు.

లాతై కూడా కొత్తలో పాడటానికి వచ్చింది. ఆ గొంతు ఎలాంటిదంటే, కొబ్బరి కోరుతుంటే వచ్చే చప్పుడే కాస్త నయం. మెలెనైతె రెండు వారాలు ఓర్చుకుని, నవ్వుతూ, "లాతై, నీ చేతి లూ తినకపోతే మాకు గొంతు లేవదు. నువ్వు వంట చూసుకో తల్లీ" అంది. చామాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పెట్టి మట్టిపొయ్యిలో ఉడికించే లూ లాతై చేసినట్టు ఎవరూ చెయ్యలేరు, నిజమే. కానీ ఆ తియ్యటి మాట ఆవిడ గొంతులోనే అడ్డంపడి ఉండిపోయింది. అప్పట్నుంచీ ప్రతి సాధనకీ చర్చి బయట మెట్టు మీద కూర్చుని చాప అల్లుతూ, లోపల మొగుడి కర్ర ఎవరి వైపు ఎంతసేపు ఊగుతోందో కనిపెట్టేది.

పెనిసిమనికి చిన్నప్పుడు కీళ్లు వాచే జ్వరం వచ్చింది. మా దీవుల్లో అదేం వింత కాదు. జ్వరం పోయింది గానీ పోతూ పోతూ గుండెలో కవాటం ఒకటి పాడుచేసిపోయింది. యాభై దాటేసరికి కంద చేలోకి నడిస్తే ఆయాసం, పాడితే ఆయాసం. చివరికి కర్ర పట్టుకుని బల్ల దగ్గర నిలబడలేకపోయాడు. బయటి దేశం నుంచి గుండె డాక్టర్లు రాజధానికి వచ్చారంటే ఓడెక్కి వెళ్లారు మొగుడూ పెళ్లామూ. వండిపెట్టడానికి నేనూ వెంట వెళ్లాను.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు అన్నీ విప్పి చెప్పాడు. మా భాష వచ్చిన నర్సు మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. గుండెని ఆపి, కవాటం మార్చి, మళ్లీ నడిపిస్తారట. రక్తం ఎక్కువ పోవచ్చట. కిడ్నీలు మొరాయించవచ్చట. గడ్డకట్టిన రక్తం ముక్క మెదడుకి ఎక్కితే పక్షవాతం రావచ్చట. అందరికీ రాదు, కొందరికి వస్తుందట.

"ఏమన్నా అడుగుతావా?" అంది నర్సు.

లాతై ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "రాత్రిళ్లు ఆయన దగ్గర ఎవరుంటారు? నువ్వేనా? నీకు పెళ్లయిందా?"

నేను తల దించుకున్నాను. పెనిసిమని మాత్రం పకపకా నవ్వాడు. "లాతై, నా ఛాతీ కోసి తెరుస్తున్నారే. నువ్వు తప్ప లోపలెవరూ లేరని వాళ్లే చూసి చెబుతార్లే!" అన్నాడు. ఆ మాటకి ఆవిడ ఎంత మురిసిపోయిందో నేను చూశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కాకపోతే మత్తు దిగేటప్పుడు కొందరికి మతి తప్పుతుందట, ఈయనకీ తప్పింది. మంచం కింద పందులున్నాయన్నాడు. డాక్టర్ని పట్టుకుని నీది మగవాళ్ల వరస, అటెళ్లి నిలబడు అన్నాడు. ఆ తర్వాత కళ్లు పెద్దవి చేసి, నీళ్ల కప్పుతో పక్కనే నిలబడ్డ లాతైని దాటి ఎటో చూస్తూ, గట్టిగా అన్నాడు: "మెలెనైతే! నువ్వందుకో! వీళ్లంతా జారిపోతున్నారు!"

లాతై కప్పు కింద పెట్టేసింది. బయటికొచ్చి వరండాలో నా మీద విరుచుకుపడింది.

"నిద్రాహారాలు లేకుండా ఇక్కడ నేను చస్తుంటే, ఊళ్లో ఉన్నదాన్ని పిలుస్తాడా?"

"అది మత్తే, లాతై. నన్ను చూసి ఈ పందిని తోలెయ్యమన్నాడు. నేనేమన్నా అనుకున్నానా?"

"నిన్ను పందన్నాడు, ఫరవాలేదు. దాన్ని పేరు పెట్టి పిలిచాడు!"

మర్నాడు ఆయన భ్రమ సద్దుమణిగి నిద్రలోకి జారుకున్నాడు. ఆ నిద్రలోనే గుండె లయ తప్పింది. తెర మీద గీత తప్పతాగినవాడి నడకలా పోయింది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు, మందులెక్కించారు. తెల్లారేసరికి ఆయన మూతి ఒక పక్కకి జారిపోయింది, కుడి చెయ్యి మంచం మీంచి వేలాడింది, నోట్లోంచి మాట రాలేదు. లయ తప్పిన గుండెలో గడ్డ కట్టి మెదడుకి ఎక్కిందన్నారు. ముందే చెప్పినదేగా. చెప్పినప్పుడు విన్నాం, అంతే. మనకి వస్తుందని ఎవరనుకుంటారు?

మనం అన్నవి ఆయనకి తెలుస్తాయి, తిరిగి చెప్పాలంటేనే మాట దొరకదు అన్నాడు డాక్టరు. కొంత రావచ్చు, రాకపోనూవచ్చు. దాంతో పెనిసిమని నోట చివరగా వచ్చిన పేరు మెలెనైతెది అయిపోయింది. ఓడలో తిరిగి వస్తూ లాతై నాతో ఒక్కటే మాటంది. "ఆకోసితా, ఒక్కసారి నా పేరు పిలిస్తే చాలే. ఆ తర్వాత జీవితాంతం మూగగా ఉన్నా నేను చాకిరీ చేస్తాను."

ఇంటికొచ్చాక చాకిరీకి లోటు చెయ్యలేదు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వెయ్యడం, కుడి చేతికి నూనె రాసి పట్టడం, మెత్తగా నలిపి తినిపించడం అన్నీ తనే. కొత్త కవాటం గడియారంలా టిక్కు టిక్కుమంటుంది, దగ్గరగా కూర్చుంటే వినబడుతుంది. "నేను ఎవరు? చెప్పు. లా... లా..." అని బతిమాలేది. ఆయన పెదాలు కదిపేవాడు, చెమటలు పట్టేవి, "ఊ... ఊ..." అని ఊరుకునేవాడు.

అప్పుడొచ్చింది పాటల బృందం, ప్రార్థన చేద్దామని. చాపల మీద కూర్చున్నాం. మెలెనైతె ఆయన పక్కన కూర్చుని పాట ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర కింది నుంచి ఒక బొంగురు గొంతు కలిసింది. పెనిసిమని! మాటతో సహా, ఒక్క అక్షరం పోకుండా, చివరిదాకా పాడేశాడు. మేమంతా ఏడ్చేశాం. లాతై మటుకు లేచి వంటపాకలోకి వెళ్లిపోయింది. అక్కణ్నుంచి కొబ్బరికాయలు పగులుతున్న చప్పుడు వచ్చింది. ఆ పూటకి వంటలో కొబ్బరితో పనే లేదు.

మా ఊరి ఆసుపత్రి నర్సు విని సంబరపడింది. "మాట పుట్టే చోటు దెబ్బతింది గానీ పాట ఇంకో దారిన వస్తుంది. రోజూ పాడించండి, పాట పట్టుకుని మాటలు కూడా రావచ్చు" అంది. ఇంకేం, మెలెనైతె రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టింది. స్నానం చేసి, సువాసన నూనె రాసుకుని, చెవిలో పువ్వు పెట్టుకుని.

"పాటకి పువ్వెందుకే?" అని కంచె లేని కంచె దగ్గర నిలబడి పళ్లు కొరికేది లాతై. "పక్కన కూర్చుంటే చాలదా, మోకాలికి మోకాలు ఆనాలా? నోట్లో ముద్ద పెట్టేది నేను, ఒళ్లు తుడిచేది నేను. దానికి పాటంతా పాడి పెడతాడు, నాకు 'ఊ' అంటాడు! నా కడుపు మండిపోతోంది ఆకోసితా."

ఒకరోజు ఇద్దరూ అయిదో పాట పాడుతుంటే కడుపుమంట కట్టలు తెంచుకుంది. గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచి నువ్వు రావద్దు" అంది.

"నర్సు పాడించమంది కదా లాతై."

"పాడించమంది. నిన్నే పాడమని రాసిచ్చిందా?"

"మరెవరు పాడతారు?" మెలెనైతె లేచి, మర్యాదకి మేము గౌను మీద నడుముకి చుట్టుకునే చాప సర్దుకుంది. "నువ్వా?"

ఆ రెండక్షరాలకి లాతై మొహం మాడిపోయింది. మెలెనైతె వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పంతం నెగ్గింది గానీ ఇల్లు మూగబోయింది. పెనిసిమని సాయంత్రం కాగానే గుమ్మం వైపు చూసేవాడు. ఎవరూ రాకపోతే గోడకి తిరిగి పడుకునేవాడు. కంద ముద్ద పెడితే పెదవి బిగించేవాడు. నర్సు వచ్చి చూసి, "నీ కుళ్లుతో మనిషిని చంపుకుంటావా?" అని కడిగేసింది.

"వెళ్లి పిలుచుకురావే" అన్నాను నేను కూడా.

"దాని కాళ్లు పట్టుకోమంటావా?" అంది లాతై. "దాని కోసం తిండి మానేశాడే! నా కోసం ఏనాడన్నా ఒక ముద్ద మానేశాడా?" కాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "ప్రార్థన రోజు ఆయన పాడిన పాట అంకెలు చెప్పు" అంది.

నవ్వొచ్చింది. నవ్వితే చంపేసేలా ఉంది, అందుకని ఆపుకుని అంకెలు చెప్పాను: మూడు, మూడు, అయిదు, ఏడు, ఎనిమిది, ఏడు.

లోపలికెళ్లి ఆయన వీపు వైపు కూర్చుంది. నేను గుమ్మం పక్కనే నిలబడ్డాను, ఎక్కడికి పోతాను? లాతై గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "మూడు, మూడు, అయిదు, ఆరు..." పెరట్లో కోళ్లు కూడా తలెత్తి చూశాయి.

వీపు కదిలింది. లాతై మళ్లీ ఎత్తుకుంది. "మూడు, మూడు, అయిదు, ఆరు..."

పెనిసిమని గిరుక్కున తిరిగాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఎడమ చేత్తో చాప మీద ఒక్క చరుపు చరిచాడు.

"కా... కాదు! ఏడు!"

ఇన్నాళ్లూ మెలెనైతె గొంతు వెంట ఈడ్చుకుపోయాడే గానీ ఆయనంతట ఆయన ఒక్క మాటా అనలేదు. ఇది పాట కాదు. తిట్టు. సొంత తిట్టు. లాతై కళ్లు తుడుచుకుని, ఈసారి కావాలనే ఇంకా ఘోరంగా పాడింది. ఆయన చెవి మూసుకుని, "ఏడు! ఏడు! అయ్యో!" అన్నాడు. ఆ పూట కంద అంతా తిన్నాడు.

అక్కణ్నుంచి రోజూ అదే భాగోతం. ఆవిడ పాట చెడగొట్టడం, ఆయన తిట్టడం. "కాదు" నుంచి "మళ్లీ", "మళ్లీ" నుంచి "చెవుడా?", "నీళ్లు తే" దాకా వచ్చాడు. ఊరంతా మెచ్చుకుంది. లాతై మాత్రం తృప్తిపడలేదు.

"చెవుడా అని పక్కింటి కుక్కనన్నా అనొచ్చు. నా పేరేది?"

ఆ ఆదివారం ఆయన్ని చర్చికి తీసుకొచ్చి మగవాళ్ల వరస చివర కుర్చీలో కూర్చోబెట్టారు. లాతై ఇస్త్రీ నలగని తెల్లగౌను మీద కొత్త చాప చుట్టుకుని, మెట్టు మీద కూర్చోకుండా, తిన్నగా వచ్చి ఆడవాళ్ల వరసలో నా పక్కన నిలబడింది. మెలెనైతె కనుబొమలు పైకి లేచాయి. అదే పాట మొదలైంది. ఏడు దగ్గరికి రాగానే లాతై గుండెల నిండా గాలి పీల్చి, చర్చి దద్దరిల్లేలా ఆరు పాడింది.

పెనిసిమని ఎడంచేత్తో కుర్చీ పట్టుకుని సగం లేచాడు. నోరు ఒకటి రెండుసార్లు ఊరికే తెరుచుకుని మూసుకుంది. తర్వాత వచ్చింది.

"లా... లాతై! ఏడు! లాతై!"

పాట ఆగిపోయింది. పాస్టరుగారు కళ్లు తెరిచారు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత చర్చంతా నవ్వు. లాతై నా భుజం పట్టుకుని కూలబడింది. "తిట్టాడే ఆకోసితా! అందరి ముందూ పేరు పెట్టి తిట్టాడే!" అని ఏడుస్తూ నవ్వుతూ ఊగిపోయింది.

ప్రార్థన అయ్యాక బయట, తను వండుకొచ్చిన లూ పొట్లం ఒకటి తీసుకుని లాతై తనే మెలెనైతె దగ్గరికి వెళ్లింది. "తిను. గొంతు లేస్తుంది" అంది. అక్కడితో ఆగితే లాతై ఎందుకవుతుంది? "నీతో బోలెడు పాటలు పాడాడు, నేను కాదనను. నిన్ను ఒక్కసారన్నా తిట్టాడా?"

"తిట్టించుకునే పని నేనెప్పుడూ చెయ్యలేదు" అంది మెలెనైతె. అంది గానీ పొట్లం విప్పలేదు. ఇన్నేళ్లుగా లాతై మొహంలో నేను చూసిన మంట ఆవేళ ఆవిడ మొహంలో చూశాను.

పై ఆదివారం అదే పాట. అదే చోటు. ఏడు రావలసిన చోట ఆడవాళ్ల వరసలోంచి తియ్యగా, స్పష్టంగా, ఆరు వినబడింది. మా తలలన్నీ ఒక్కసారే తిరిగాయి. మెలెనైతె! తప్పు పాడి, గడ్డం పైకెత్తి, పెనిసిమని వైపే చూస్తూ నిలబడింది. చెవుల దాకా ఎర్రబడిపోయింది పాపం.

పెనిసిమని కుర్చీలో సగం లేచాడు.

"లాతై!" అని గర్జించాడు. "ఏడు!"

లాతై బుద్ధిగా తల వంచుకుని తిట్టు స్వీకరించింది. ఆ పూట ఆవిడ అసలు నోరే విప్పలేదు.