నాలుగో డివిజన్‌కు మంచి ఎదురు

ఒంటారియోలోని లండన్‌లో నేను అద్దెకున్న బేస్‌మెంటులో వాషింగ్ మెషీన్ లేదు. అది పై అంతస్తులో, వంటింటి పక్కన ఉండేది. బట్టలు ఉతుక్కోవాలంటే బుట్ట పట్టుకుని మెట్లెక్కి, తలుపు తీసి, ఇంటి యజమాని కూర్చునే ముందుగదిని దాటి వెళ్లాలి. ఇంత చిన్న విషయాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. స్కాట్లండ్‌లోని ఒక ఫుట్‌బాల్ జట్టు రాబోయే సీజన్ మొత్తం ఆ మెట్ల మీద ఆధారపడి ఉందని ఆ ఇంట్లో ఒకరు మనస్ఫూర్తిగా నమ్మారు.

యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి. ఇరవై ఏళ్ల వయసులో స్కాట్లండ్ నుంచి వచ్చి, ఈ ఊళ్లో బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన పుట్టిన ఊరి జట్టు అక్కడి నాలుగో డివిజన్‌లో ఆడుతుంది. డివిజన్‌లో ఉన్నవి పది జట్లు. ఆటగాళ్లకు అదే జీవనాధారం కాదు. గోల్‌కీపరు ఎలక్ట్రీషియన్, డిఫెండర్లలో ఇద్దరు బడిపంతుళ్లు. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ మాకు ఉదయం పదింటికి ఇంటర్నెట్‌లో వచ్చేది. ఉన్నది ఒకే కెమెరా. దానికీ ఒకవైపు గోల్‌పోస్టుకూ మధ్య దీపస్తంభం అడ్డం. ఆ వైపు గోల్ పడిందో లేదో జనం అరుపులను బట్టి తెలుసుకోవలసిందే.

పదో స్థానంలో మిగిలిన జట్టు కింది లీగ్ నుంచి వచ్చిన విజేతతో ఆడాలి. అందులో ఓడితే డివిజన్ నుంచే వెళ్లిపోవాలి. గత ఫిబ్రవరి దాకా ఆయన జట్టు పదో స్థానాన్ని ఎవరికీ వదలలేదు. ఆ నెలలో నా కాలేజీ టైమ్‌టేబుల్ మారి, బట్టలు ఉతుక్కోవడం శనివారం ఉదయానికి మారింది. పదికి పది నిమిషాల ముందు విడిచిన బట్టల బుట్టతో నేను ఆయన ఎదుటి నుంచి నడిచి వెళ్లాను. జట్టు గెలిచింది. మరుసటి శనివారమూ అలాగే జరిగింది. సీజన్ ముగిసేసరికి మేము తొమ్మిదో స్థానంలో ఉన్నాం. మేము అని ఎందుకంటున్నానో నాకూ స్పష్టంగా తెలియదు.

"అది నీ చలవే, అబ్బాయ్. మీ దేశంలో ఇలాంటివి నమ్ముతారా?" అని ఆయన అడిగారు.

అప్పుడు నవ్వి ఊరుకోవలసింది. కానీ మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. ఏ కాగితం వచ్చినా, ఏ సందేహం వచ్చినా అందరూ నన్నే అడిగేవారు కనుక, అడిగిన ప్రశ్నకు సగం జవాబు చెప్పడం నాకు అలవాటు కాలేదు. బయలుదేరేటప్పుడు మంచివాళ్లను ఎదురు రమ్మంటామని చెప్పాను. నిండు బిందె మంచిదనీ, ఖాళీ బిందె కాదనీ, ఒంటి తుమ్ము ఆపుతుందనీ, రెండో తుమ్ము ఆ దోషాన్ని తీసేస్తుందనీ, గడప దాటేవాళ్లను ఎక్కడికని అడగకూడదనీ వరుసగా వివరించాను. ఇవేవీ నేను నమ్మనని చివర్లో చేర్చాను. ఆ చివరి వాక్యం తప్ప ఆయన అన్నీ గుర్తుంచుకున్నారు. ఆ రోజు నుంచి వాళ్లావిడ ఆయనను ఎక్కడికి వెళుతున్నావని అడగడం ఇంట్లో నిషేధం.

జూన్‌లో నాకు మార్కమ్‌లోని ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. ఆగస్టు మొదట్లో చేరాలి. లండన్ నుంచి రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు. లీజు చూస్తే మరుసటి ఏప్రిల్ దాకా ఉంది. మధ్యలో విడిపించుకోవాలంటే ఆయన సంతకం కావాలి. నేను కాగితం టైపు చేసుకుని, పెన్నుతో సహా పైకి వెళ్లాను.

ఆయన కాగితం చదివి మడిచారు. "లీగ్ మొదలయ్యేది ఆగస్టు మొదటి శనివారం. ముప్పై ఆరు మ్యాచ్‌లు. నువ్వేమో వెళ్లిపోతానంటున్నావు."

"ఉద్యోగం సార్."

"వాళ్లు తొమ్మిదో స్థానంలో ఉన్నది కార్నర్ కిక్‌లు ఆపడం రాక. ఏ బట్టల బుట్ట కార్నర్ ఆపుతుందో నాకు చెప్పు. అతన్ని వెళ్లనివ్వు" అన్నారు వాళ్లావిడ వంటింట్లో నుంచి.

"ఆమె మాట పట్టించుకోకు. పెళ్లయిన కొత్తలో ఓసారి ఎదురొచ్చింది. ఆరు గోల్స్ తిన్నాం" అన్నారాయన నాతో, గొంతు తగ్గించి.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నా బదులు బేస్‌మెంటులో దిగేవాడిని నేనే చూపించాలి. లీగ్‌కు ముందు జులైలో సాధన కోసం ఆడే ఫ్రెండ్లీ మ్యాచ్‌లలో ఆ మనిషి ఎదురును పరీక్షించాలి. నెగ్గితే సంతకం.

మొదట భీమవరం నుంచి వచ్చిన ఒక విద్యార్థితో ఫోన్‌లో మాట్లాడాను. విషయాన్ని నేపథ్యంతో సహా చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు.

"ఎదురు రావాలి, అంతే కదండీ. దానికింత ఉపోద్ఘాతం దేనికండీ? మా అమ్మమ్మ బస్సెక్కాలంటే మా మేనత్తని మూడిళ్ల అవతల్నుంచి పిలిపించేదండీ."

శనివారం సమయానికి వచ్చాడు. బుట్ట నిండా బట్టలు తెచ్చుకున్నాడు. మెట్లు చక్కగా ఎక్కి, తలుపు దగ్గర ఆగి, ఒక్క తుమ్ము తుమ్మాడు.

"ఇంకొకటి తుమ్ము" అన్నాను వెనక నుంచి, అప్రయత్నంగా.

"రావట్లేదండీ."

పెద్దాయన కుర్చీలోంచి లేచారు. "ఒకటేనా? మిరియాల పొడి తీసుకురా" అని వాళ్లావిడను కేకేశారు.

"అది సూప్‌లోకి" అన్నారావిడ, కదలకుండా.

ఆ అబ్బాయి ముక్కు నలుపుకున్నాడు, కిటికీలోంచి సూర్యుణ్ణి చూశాడు, నా సలహా మీద జేబురుమాలు కొసను పురితిప్పి కూడా ప్రయత్నించాడు. ఈలోగా మ్యాచ్ మొదలైంది. జట్టు నాలుగు సున్నాతో ఓడింది. మూడు గోల్స్ దీపస్తంభం వైపే పడ్డాయి గనుక మేము చూసింది ఒకటే.

రెండో శనివారానికి కరీంనగర్ విద్యార్థిని రమ్మన్నాను. అతను పన్నెండుంబావుకు వచ్చాడు. అప్పటికి మ్యాచ్ ఒకటి ఒకటితో డ్రా అయి ముగిసింది. ఎవరూ ఎదురు రాకుండా వచ్చిన ఫలితాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో పెద్దాయనకు తోచలేదు. నేను ఆ అబ్బాయిని బేస్‌మెంటు చూపించడానికి కిందికి తీసుకెళ్లాను.

"ఏమనుకోకన్నా. శుక్రవారం రాత్రి గోదాంల షిఫ్టు. శనివారం పన్నెండు గాకముందు నేను లేవనే లేవ" అన్నాడు. నా ముఖం చూసి మంచం మీద కూర్చున్నాడు. "నువ్వెందుకన్నా గింత పరేషానయితున్నవ్? వచ్చే శనివారం ఖాళీ బుట్ట పట్టుకొని నువ్వే ఎదురు పో. ఓడిపోతరు. తాతకు నీ మీద నమ్మకం పోతది. సంతకం పెడతడు. పంచాయితీ ఖతం."

"అది మోసం కదా."

"నువ్వు నమ్ముతవా ఇవన్ని?"

"నమ్మను."

"మరింకేంది? నమ్మనప్పుడు బుట్ట ఖాళీగుంటే ఏంది, నిండుగుంటే ఏంది?"

ఆ తర్కంలో నాకు లోపం కనబడలేదు. వారమంతా వెతికాను.

ఆఖరి ఫ్రెండ్లీ రోజున ఖాళీ బుట్టతో మెట్ల కింద నిలబడ్డాను. ఈ వారం దాటితే ఉద్యోగంలో చేరే గడువు దాటుతుంది. పైన టీవీలో ఇద్దరు వ్యాఖ్యాతలు గాలి గురించి మాట్లాడుకుంటున్నారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. ఆ ఎలక్ట్రీషియన్ గోల్‌కీపరు గుర్తొచ్చాడు. వారమంతా వైర్లు లాగి, శనివారం చేతులకు గ్లోవ్స్ తొడుక్కునే మనిషి. నేను అతనికి ఏమీ చేయబోవడం లేదని నాకు నిశ్చయంగా తెలుసు. అయినా రెండో మెట్టు ఎక్కలేకపోయాను. వెనక్కి వెళ్లి దొరికినవన్నీ బుట్టలో వేశాను. విడిచినవి, ఉతికినవి, దుప్పటి, తువ్వాలు, ఇంటర్వ్యూకు ఇస్త్రీ చేసుకున్న చొక్కా కూడా. గడ్డం కింద నొక్కిపట్టుకుని, పదికి పది నిమిషాల ముందు తలుపు తీశాను. పెద్దాయన నన్ను చూసి గౌరవంగా లేచి నిలబడ్డారు.

జట్టు మూడు సున్నాతో గెలిచింది. అందులో ఒక కార్నర్‌ను బడిపంతులు ఒకాయన తలతో ఆపారు.

"చూశావా?" అన్నారు పెద్దాయన వాళ్లావిడతో. తర్వాత నా కాగితాన్ని సొరుగులోంచి తీసి, చింపడానికన్నట్టు రెండు చేతులతో పట్టుకున్నారు.

అప్పుడు నేను నిజం చెప్పాను. ఇది ఎత్తుగడ అనుకోవద్దు. ఆయన అంత సంతోషంగా ఉండగా దాచిపెట్టడం నా వల్ల కాలేదు. "సార్, ఈ రోజు ఖాళీ బుట్టతో రావాలని అనుకున్నాను. మెట్ల దాకా అలాగే వచ్చాను. తర్వాత నింపాను."

ఆయన కాగితాన్ని నెమ్మదిగా కిందికి దించారు.

"మెట్టెక్కావా?"

"ఒకటి."

"ఒకటెక్కాడు" అన్నారు వాళ్లావిడతో, డాక్టరు చెప్పిన మాట ఇంట్లోవాళ్లకు చెబుతున్నట్టు. "లీగ్ ఇంకో వారంలో. ముప్పై ఆరు మ్యాచ్‌లు. వీడి మనసులో ఆలోచన పడింది."

"మళ్లీ చేయను సార్."

"చేయవు, అబ్బాయ్. నువ్వు మంచివాడివి. కానీ ఆ ఆలోచన ఉన్న మనిషి ప్రతి శనివారం ఆ మెట్లెక్కుతుంటే నాకు నిద్ర పట్టదు. పెన్నేది?"

పెన్ను వాళ్లావిడ ఇచ్చారు. నెల రోజులుగా ఆవిడ అంత వేగంగా కదలడం నేను చూడలేదు. ఆయన సంతకం చేసి, కారణం రాయవలసిన గడిలో "క్లబ్బు శ్రేయస్సు కోసం" అని రాశారు. బేస్‌మెంటు కరీంనగర్ అబ్బాయికి ఇస్తానన్నారు. పన్నెండు దాకా లేవనివాడు మంచికీ చెడుకీ ఎదురు రాడట.

నేను కోరుకున్నది చేతికొచ్చింది. అయినా సంతోషం కలగలేదు. ఏ చదువులోనూ, ఏ పార్ట్‌టైమ్ పనిలోనూ నన్నెవరూ తీసేయలేదు. నమ్మని పదవి నుంచి తీసేస్తే ఇంత బాధ కలుగుతుందని ఊహించలేదు. సామాను కారులో పెట్టుకుని సెలవు తీసుకునేటప్పుడు, అప్పుడప్పుడు మ్యాచ్ చూడటానికి రావచ్చా అని అడిగాను.

ఆయన నా భుజం తట్టారు.

"వస్తే ఆదివారం రా, అబ్బాయ్."